పసుపు రవాణా వాహనాలలో ఇంజను గాలి ఉష్ణోగ్రత సెన్సారు లోపాలు – గుర్తించే విధానం

నిజామాబాద్ జిల్లాలోని ఆర్మూర్, బాల్కొండ, వేల్పూర్, మోర్తాడ్, కమ్మర్‌పల్లి ప్రాంతాలు పసుపు సాగుకు పేరెన్నికగన్నవి. ఆర్మూర్ పట్టణం 44వ, 63వ జాతీయ రహదారులు కలిసే చోట ఉన్నందున ఈ ప్రాంతపు పంటల రవాణాకు కూడలిగా నిలిచింది. జనవరి మొదలుకొని పసుపు తవ్వకాలు సాగుతాయి. తవ్విన దుంపలను ఉడికించి, కల్లాలలో ఎండబెట్టి, డ్రమ్ములలో పాలిష్ పట్టిన తరువాత కొమ్ములు సుమారు 25 కిలోమీటర్ల దూరంలోని నిజామాబాద్ మార్కెట్ యార్డుకు చేరుతాయి. కొందరు రైతులు మహారాష్ట్రలోని సాంగ్లీ మార్కెట్టుకు కూడా సరుకు తరలిస్తారు. నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న ప్రారంభమైన నాటి నుండి ఈ పంటపై దృష్టి మరింత పెరిగింది.

సాగు, నాణ్యత, ధర వంటి అంశాలతో పాటు రైతు ఆదాయాన్ని నిర్ణయించే మరొక అంశం రవాణా. ధర బాగున్న రోజున సరుకుతో బయలుదేరిన పికప్ వాహనం దారిలో బలం కోల్పోయి, నల్లని పొగ వదులుతూ ఆగిపోతే ఆ నష్టం మరమ్మతు ఖర్చుతోనే ముగియదు. ఇటువంటి సందర్భాలలో ఇంజెక్టర్లు, టర్బో, డీజిల్ పంపు వంటి ఖరీదైన భాగాలపై అనుమానం పోవడం, వాటిని విప్పడం, మార్చడం సాధారణం. అసలు లోపం మాత్రం చిటికెన వేలంత కూడా లేని ఒక ఉష్ణోగ్రత సెన్సారులోనో, దానికి వచ్చే రెండు తీగలలోనో ఉండవచ్చు. ఇంజనులోనికి వెళ్లే గాలి ఉష్ణోగ్రతను కొలిచే ఈ పరికరాన్ని ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్ సెన్సారు అనీ, క్లుప్తంగా ఐ.ఎ.టి. సెన్సారు అనీ పిలుస్తారు. దీని లోపాన్ని అంచనాతో కాక కొలతతో నిర్ధారించే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది.

ఏ వాహనాలలో ఉంటుంది

పెట్రోలు, సి.ఎన్.జి., డీజిల్ అన్న భేదం లేకుండా, ఎలక్ట్రానిక్ నియంత్రణతో ఇంధనాన్ని చిమ్మే దాదాపు అన్ని ఇంజన్లలో ఈ సెన్సారు ఉంటుంది. 2020 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన భారత్ స్టేజ్-6 ప్రమాణాల కార్లు, పికప్‌లు, డీసీఎంలు ఈ కోవకు చెందినవే. 50 అశ్వశక్తికి మించిన ట్రాక్టర్లకు ట్రెమ్-4 ప్రమాణాలు 2023 జనవరి 1 నుండి వర్తించాయి. అందువలన ఆ తరగతిలోని కొత్త ట్రాక్టర్లలోనూ కామన్ రైల్ ఇంజన్లు, వాటితో పాటు ఈ సెన్సార్లు వచ్చాయి. గ్రామాలలో ఎక్కువగా కనిపించే 50 అశ్వశక్తి లోపు ట్రాక్టర్లలో చాలావాటికి యాంత్రిక డీజిల్ పంపే ఉంటుంది. వాటిలో పొగ, బలహీనత కనిపిస్తే ఈ సెన్సారు కోసం వెదకడం వృథా. ఎయిర్ ఫిల్టర్, నాజిల్, పంపు టైమింగ్ వంటి వాటినే పరిశీలించాలి.

సెన్సారు ఉండే చోటు వాహనాన్ని బట్టి మారుతుంది. కొన్నింటిలో ఎయిర్ ఫిల్టర్ పెట్టెకు లేదా దాని తరువాతి రబ్బరు గొట్టానికి విడిగా, రెండు తీగలతో బిగించి ఉంటుంది. కొన్నింటిలో గాలి పరిమాణాన్ని కొలిచే సెన్సారులోనే కలిసిపోయి ఉంటుంది. మరికొన్నింటిలో ఇన్‌టేక్ మానిఫోల్డుపై గాలి పీడన సెన్సారుతో జతగా, నాలుగు తీగలతో ఒకే పరికరంగా ఉంటుంది. టర్బో డీజిల్ ఇంజన్లలో ఫిల్టరు వద్ద ఒకటి, ఇంటర్‌కూలర్ తరువాత ఒకటి చొప్పున రెండు ఉండడమూ కద్దు. పరీక్షకు ముందు ఏ రకమో, ఎక్కడ ఉందో, ఏ తీగ దేనికో వాహన మాన్యువల్ ద్వారా తెలుసుకోవడం మొదటి పని.

పనిచేసే తీరు

సెన్సారు కొనలో థర్మిస్టర్ అనే చిన్న పూస ఉంటుంది. వేడి పెరిగినకొద్దీ దాని విద్యుత్ నిరోధం తగ్గుతుంది. లోహపు తీగల స్వభావానికి ఇది విరుద్ధం. కొన్ని పదార్థాలలో ఈ గుణం ఉన్నదని మైకేల్ ఫారడే 1833లోనే సిల్వర్ సల్ఫైడుపై చేసిన ప్రయోగాలలో గమనించాడు. వాహనాలలో విరివిగా వాడే ఒక రకం థర్మిస్టర్ విలువలు సుమారుగా ఇలా ఉంటాయి:

0 డిగ్రీల సెల్సియస్ వద్ద – 5,900 ఓమ్‌లు
10 డిగ్రీల వద్ద – 3,800 ఓమ్‌లు
20 డిగ్రీల వద్ద – 2,500 ఓమ్‌లు
30 డిగ్రీల వద్ద – 1,700 ఓమ్‌లు
40 డిగ్రీల వద్ద – 1,175 ఓమ్‌లు
60 డిగ్రీల వద్ద – 600 ఓమ్‌లు
80 డిగ్రీల వద్ద – 320 ఓమ్‌లు

అన్ని కంపెనీల సెన్సార్లకూ ఇవే అంకెలు వర్తించవు. కానీ వేడితో పాటు నిరోధం తగ్గే తీరు అన్నింటిలోనూ ఒకటే.

ఇంజను మెదడు అనదగిన ఎలక్ట్రానిక్ నియంత్రణ పెట్టెను ఇ.సి.యు. అంటారు. అది తనలోని ఒక స్థిర నిరోధం ద్వారా సెన్సారుకు 5 వోల్టులు పంపి, సెన్సారు వద్ద ఎన్ని వోల్టులు మిగిలాయో చూస్తుంది. లోపలి నిరోధం 2,200 ఓమ్‌లు అనుకుంటే, గాలి 20 డిగ్రీల వద్ద ఉన్నపుడు సుమారు 2.7 వోల్టులు, 40 డిగ్రీల వద్ద 1.7 వోల్టులు, 60 డిగ్రీల వద్ద 1.1 వోల్టు కనిపిస్తాయి. అంటే వోల్టేజి ఎక్కువైతే గాలి చల్లగా ఉన్నదని, తక్కువైతే వేడిగా ఉన్నదని ఇ.సి.యు. అర్థం చేసుకొంటుంది. తీగ తెగిపోతే పూర్తి 5 వోల్టులు కనిపిస్తాయి. అప్పుడు స్కానరుపై చాలా వాహనాలలో మైనస్ 40 డిగ్రీలు నమోదవుతాయి. రెండు తీగలు ఒకదానికొకటి తగిలితే వోల్టేజి సున్నాకు పడిపోయి, 120 డిగ్రీలకు మించిన వేడి చూపుతుంది. ఆర్మూర్‌లో మైనస్ 40 డిగ్రీల గాలి వీచే అవకాశం లేదు కనుక, ఆ అంకె కనబడగానే తీగ, ప్లగ్గు, సెన్సారు అనే మూడింటిలో ఒకచోట తెంపు ఉన్నదని గ్రహించవచ్చు.

తప్పుడు కొలత వలన నష్టం

గాలి వేడెక్కితే వ్యాకోచిస్తుంది, సాంద్రత తగ్గుతుంది. శీతాకాలపు తెల్లవారుజామున 10 డిగ్రీల వద్ద ఉండే గాలితో పోలిస్తే, వేసవి మధ్యాహ్నం 45 డిగ్రీల గాలిలో అదే పరిమాణానికి ఉండే బరువు సుమారు 11 శాతం తక్కువ. ఇంధనం మండడానికి కావలసిన ప్రాణవాయువు కూడా అంతే తగ్గుతుంది. ఇంజనులోనికి ఎంత గాలి చేరిందో పీడనం, ఉష్ణోగ్రతల ఆధారంగా లెక్కించే వాహనాలలో ఉష్ణోగ్రత తప్పయితే లెక్క మొత్తం తప్పుతుంది.

వేడిగా ఉన్న గాలిని చల్లనిదిగా చూపే సెన్సారు ఉన్నపుడు, లేని గాలి ఉన్నట్లు భావించి ఇ.సి.యు. ఎక్కువ ఇంధనం అనుమతిస్తుంది. డీజిల్ ఇంజనులో నల్లని పొగ, మసి పెరుగుతాయి. భారత్ స్టేజ్-6 డీజిల్ వాహనాలలో మసిని పట్టే ఫిల్టరు త్వరగా నిండి, మాటిమాటికీ దానిని కాల్చి శుభ్రం చేసుకోవలసి వస్తుంది. డీజిల్ ఖర్చు పెరుగుతుంది, ఇంజను ఆయిలు త్వరగా పాడయ్యే ప్రమాదమూ ఉంటుంది. పెట్రోలు ఇంజనులో మిశ్రమం చిక్కబడుతుంది. ఆక్సిజన్ సెన్సారు కొంతవరకు దీనిని సరిదిద్దినా, పూర్తి బరువుతో ఎత్తు ఎక్కే వేళ ఆ దిద్దుబాటుకు పరిమితులున్నాయి. అదీగాక, వేడి గాలికి తగినట్లు ఇగ్నిషన్ టైమింగును వెనుకకు జరపవలసిన చోట జరపకపోవడం వలన ఇంజను కొట్టుకొనే శబ్దం రావచ్చు.

చల్లని గాలిని వేడిగా చూపితే దీనికి వ్యతిరేకం జరుగుతుంది. ఇంజనును కాపాడే ఉద్దేశంతో ఇ.సి.యు. ఇంధనాన్ని, టర్బో పీడనాన్ని తగ్గిస్తుంది. వాహనం ఖాళీగా బాగానే పరుగెత్తి, పసుపు బస్తాలు ఎక్కించగానే లాగలేకపోతుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. తీగ తెగడం వంటి స్పష్టమైన లోపాన్ని ఇ.సి.యు. గుర్తించగలదు. చాలా వాహనాలలో అది డాష్‌బోర్డుపై ఇంజను దీపం వెలిగించి, తనలో ముందే నిర్ణయించి ఉంచిన ఒక ఉష్ణోగ్రతను ఆధారంగా తీసుకొని ఇంజనును నడుపుతుంది. అందువలన పూర్తిగా చెడిన సెన్సారుకన్నా, కొంచెం అబద్ధం చెప్పే సెన్సారే ఎక్కువ నష్టం చేస్తుంది. అది చెప్పే అంకె నమ్మదగినదిగా కనిపిస్తుంది, దీపం వెలగదు, కోడ్ పడదు. డీజిల్ మాత్రం వృథా అవుతూనే ఉంటుంది.

లోపాలకు కారణాలు

పసుపు ప్రాంతాలలో దుమ్ము ప్రధాన శత్రువు. పాలిష్ డ్రమ్ముల వద్ద లేచే సన్నని పొడి, కల్లాల మట్టి, ఎర్రజొన్న నూర్పిడి పొట్టు ఎయిర్ ఫిల్టరుపై భారం మోపుతాయి. ఫిల్టరు సరిగా కూర్చోకపోతే ఆ పొడి సెన్సారు కొనపై పేరుకొంటుంది. మానిఫోల్డుపై ఉండే సెన్సారుకు మరొక బెడద ఉంది. తిరిగి మళ్లించిన పొగలోని మసి, క్రాంక్‌కేసు నుండి వచ్చే ఆయిల్ ఆవిరి కలిసి దానిపై నల్లని పూతగా గట్టిపడతాయి. పూత పట్టిన సెన్సారు అంకె తప్పు చూపకపోవచ్చు. కానీ గాలి వేడిలో మార్పును ఆలస్యంగా గ్రహిస్తుంది.

రెండవది తడి. వాహనాన్ని అధిక పీడన నీటితో కడిగినపుడు ప్లగ్గులోకి నీరు చేరుతుంది. అక్కడ పచ్చని తుప్పు పడుతుంది. మూడవది ఎలుకలు. గోదాముల పక్కన, కొట్టాలలో రోజుల తరబడి నిలిపిన వాహనాలలో తీగల పైపూతను అవి కొరికివేయడం తరచుగా జరిగేదే. నాలుగవది కంపనం. గుంతల దారులలో ప్లగ్గు పిన్నులు వదులై, కుదుపు వచ్చినపుడు మాత్రమే సంబంధం తెగుతుంది.

సెన్సారు నిజం చెప్పే సందర్భాలు

అంకె ఎక్కువగా ఉన్నదని వెంటనే సెన్సారును నిందించరాదు. మే నెల ఎండలో వాహనం నడిపి అరగంట నిలిపిన తరువాత బానెట్ లోపల గాలి 65 డిగ్రీలకు మించి కనిపించడం సహజం. ఇంజను వేడి అక్కడ నిలిచిపోవడమే దీనికి కారణం. వాహనం కదిలి నాలుగైదు నిమిషాలు వేగంగా పరుగెత్తితే ఆ అంకె దిగిరావాలి. దిగి వస్తే సెన్సారు బాగున్నట్లే.

ఇంటర్‌కూలర్ రెక్కల మధ్య పొట్టు, పసుపు పొడి, పురుగులు అడ్డుపడితే టర్బో నుండి వచ్చే గాలి చల్లబడదు. అప్పుడు బరువుతో ఎత్తు ఎక్కే వేళ మానిఫోల్డు గాలి నిజంగానే అతిగా వేడెక్కుతుంది. అలాగే బయటి చల్లని గాలిని తెచ్చే గొట్టం ఊడిపోతే ఫిల్టరు బానెట్ లోపలి వేడి గాలినే పీల్చుకొంటుంది. ఈ రెండు సందర్భాలలోనూ సెన్సారు మార్చినా అంకె మారదు. గాలి మార్గాన్ని శుభ్రపరచడమే పరిష్కారం.

పరీక్షా క్రమం

పరీక్షకు కావలసినవి మూడు: ఓ.బి.డి. స్కానరు, డిజిటల్ మల్టీమీటరు, నమ్మదగిన థర్మామీటరు. స్కానరును తగిలించే 16 పిన్నుల సాకెట్టు సాధారణంగా స్టీరింగు కింది భాగంలో ఉంటుంది. ఫోనుతో పనిచేసే చిన్న స్కానర్లు కార్లకు, పికప్‌లకు చాలావరకు సరిపోతాయి. ట్రాక్టర్లకు, పెద్ద లారీలకు కంపెనీ స్కానరు అవసరం కావచ్చు.

1. కంటి పరిశీలన: ప్లగ్గు, తీగలు, గాలి గొట్టాలు, ఫిల్టరు పెట్టె క్లిప్పులు చూడాలి. ఎలుక కొరికిన గుర్తులు, పచ్చని తుప్పు, ఊడిన గొట్టం ఈ దశలోనే బయటపడతాయి.

2. చల్లని ఇంజనుపై పోలిక: వాహనాన్ని రాత్రంతా నీడలో నిలపాలి. ఉదయం ఇంజను స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేసి స్కానరులో గాలి ఉష్ణోగ్రత, కూలెంట్ ఉష్ణోగ్రత చదవాలి. పక్కనే థర్మామీటరుతో బయటి గాలిని కొలవాలి. కనీసం 8 గంటలు నిలిచిన వాహనంలో ఈ మూడు అంకెలు 5 డిగ్రీల లోపు తేడాతో దగ్గరగా ఉండాలి. కూలెంట్, బయటి గాలి ఒకటై, గాలి సెన్సారు మాత్రం వేరుగా ఉంటే అనుమానం దానిపై నిలుస్తుంది.

3. నడకలో గమనిక: వాహనాన్ని స్థిర వేగంతో నడుపుతూ అంకెను చూడాలి. డ్రైవరు కాక వేరొకరు స్కానరు చూడడం క్షేమం. ఫిల్టరు వద్ద ఉండే సెన్సారు బయటి గాలికి కొద్ది డిగ్రీలు ఎక్కువగా చూపుతుంది. టర్బో తరువాతిది బరువు పెరిగినపుడు పెరిగి, వదిలినపుడు తగ్గాలి. ఎంత నడిపినా ఒకే అంకెపై నిలిచిపోయినా, క్షణంలో పదుల డిగ్రీలు దూకినా లోపమున్నట్లే. గాలి నెమ్మదిగా వేడెక్కుతుంది, నెమ్మదిగా చల్లబడుతుంది. దూకేది తీగ మాత్రమే.

4. ప్లగ్గు తీసి చూడడం: తాళం ఆన్‌లో ఉంచి సెన్సారు ప్లగ్గు తీయాలి. స్కానరు మైనస్ 40 చూపాలి. ఇంతకుముందు అతి వేడి చూపుతూ, ప్లగ్గు తీయగానే మైనస్ 40కి మారితే సెన్సారు లోపల షార్ట్ అయినట్లు. తీసినా అతి వేడే చూపితే తీగ ఎక్కడో భూమికి తగిలినట్లు.

5. తీగలు కలిపి చూడడం: ఇది రెండు తీగల సెన్సారుకు మాత్రమే. ప్లగ్గులోని రెండు పిన్నులను సన్నని తీగతో కలిపితే స్కానరు గరిష్ఠ ఉష్ణోగ్రత చూపాలి. ముందు మైనస్ 40 ఉండి, కలపగానే గరిష్ఠానికి మారితే తీగలు బాగున్నాయి, సెన్సారు తెగింది అని అర్థం. మారకపోతే తెంపు తీగలోనే ఉంది. నాలుగు తీగల సెన్సారు ప్లగ్గులో ఒక పిన్నుపై నేరుగా 5 వోల్టుల సరఫరా ఉంటుంది. దానిని భూమి పిన్నుతో కలిపితే ఇతర సెన్సార్లు కూడా పనిచేయడం మాని, ఇ.సి.యు.కు హాని కలగవచ్చు. పిన్నుల పటం లేకుండా ఆ రకంపై ఈ పరీక్ష చేయరాదు.

6. వోల్టేజి కొలత: ప్లగ్గు తీసి, తాళం ఆన్ చేసి రెండు పిన్నుల మధ్య కొలిస్తే దాదాపు 5 వోల్టులు రావాలి. సిగ్నల్ పిన్నుకూ బ్యాటరీ నెగెటివుకూ మధ్య 5 వోల్టులు వచ్చి, రెండు పిన్నుల మధ్య రాకపోతే భూమి తీగ తెగినట్లు.

7. నిరోధం కొలత: సెన్సారును విప్పి, నీడలో కొంతసేపు ఉంచి, అక్కడి ఉష్ణోగ్రతను, పిన్నుల మధ్య నిరోధాన్ని ఒకేసారి కొలవాలి. తరువాత కొనను పలుచని ప్లాస్టిక్ సంచిలో ఉంచి, దంచిన మంచు, నీరు కలిపిన గిన్నెలో ముంచితే 0 డిగ్రీల విలువ తెలుస్తుంది. గోరువెచ్చని నీటిలో మరొక కొలత తీసుకోవాలి. మూడు చోట్లా కంపెనీ పట్టికతో సరిపోవాలి. ఒక్క ఉష్ణోగ్రత వద్ద సరిపోయినంత మాత్రాన సెన్సారు మంచిదని తీర్మానించరాదు. గాలి పరిమాణపు లేదా పీడనపు సెన్సారుతో కలిసి ఉన్న రకాన్ని నీటి దరికి తేరాదు. దానికి జుట్టు ఆరబెట్టే యంత్రపు వెచ్చని గాలి చాలు.

8. బదులు నిరోధంతో పరీక్ష: ఎలక్ట్రానిక్ దుకాణాలలో స్వల్ప ధరకు దొరికే 2,200 ఓమ్‌ల, 1,000 ఓమ్‌ల నిరోధాలను ఒకదాని తరువాత ఒకటి ప్లగ్గులో సెన్సారు స్థానంలో తగిలించాలి. పైన ఇచ్చిన పట్టికకు చెందిన వాహనంలో మొదటిదానికి సుమారు 23 డిగ్రీలు, రెండవదానికి సుమారు 45 డిగ్రీలు కనిపించాలి. ఇవి కనిపిస్తే తీగలు, ప్లగ్గు, ఇ.సి.యు. మూడూ సవ్యమైనవి, లోపం సెన్సారుదే. కనిపించకపోతే కొత్త సెన్సారు కొనడం దండగ. ఇది పరీక్షకు మాత్రమే. అయిన వెంటనే నిరోధాన్ని తీసివేయాలి.

తుప్పు ఎండలో, తడి చలిలో

కోడ్ పడని లోపాలను పట్టుకోవడానికి ఒక చిన్న లెక్క ఉపయోగపడుతుంది. ప్లగ్గు పిన్నుపై తుప్పు పట్టి, సెన్సారు నిరోధానికి అదనంగా 1,000 ఓమ్‌లు చేరాయనుకుందాం. గాలి 20 డిగ్రీల వద్ద ఉన్నపుడు 2,500 ఓమ్‌లకు బదులు 3,500 కనిపిస్తుంది. అది సుమారు 12 డిగ్రీలకు సమానం. అంటే తప్పు 8 డిగ్రీలే. 40 డిగ్రీల వద్ద 1,175కు బదులు 2,175 కనిపించి, స్కానరు 24 డిగ్రీలు చూపుతుంది. తప్పు 16 డిగ్రీలు. బానెట్ లోపలి గాలి 60 డిగ్రీలకు చేరినపుడు 600కు బదులు 1,600 కనిపించి, స్కానరు 32 డిగ్రీల వద్ద నిలుస్తుంది. తప్పు 28 డిగ్రీలు. ఈ చివరి సందర్భంలో ఇ.సి.యు. అసలుకన్నా సుమారు 9 శాతం ఎక్కువ గాలి ఉన్నదని భ్రమిస్తుంది.

అదే తుప్పు, అదే 1,000 ఓమ్‌లు. కానీ ఎండ పెరిగినకొద్దీ తప్పు పెరుగుతుంది. ఉదయం మెకానిక్ వద్దకు తీసుకుపోయిన వాహనం దాదాపు బాగానే కనిపించి, మధ్యాహ్నం మార్కెట్ యార్డు దారిలో పొగ వదలడానికి ఇదే కారణం.

తడి వలన కలిగే లోపం దీనికి తలకిందులుగా ఉంటుంది. ప్లగ్గులోని నీరు రెండు పిన్నుల మధ్య 10,000 ఓమ్‌ల దొంగదారి ఏర్పరచిందనుకుందాం. 40 డిగ్రీల వద్ద సెన్సారు నిరోధం ఎలాగూ తక్కువే కనుక, ఆ దొంగదారి ప్రభావం స్వల్పం. స్కానరు 43 డిగ్రీలు చూపుతుంది. 20 డిగ్రీల వద్ద 2,500కు బదులు 2,000 కనిపించి దాదాపు 26 డిగ్రీలు చూపుతుంది. చలి పెరిగినకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. కనుక చలి ఉదయాలలో ఎక్కువగా, ఎండలో తక్కువగా తప్పు చూపేది తడి. ఎండలో ఎక్కువగా, చలిలో తక్కువగా తప్పు చూపేది తుప్పు లేదా వదులైన పిన్ను. అందువలన రెండవ దశలో చెప్పిన ఉదయపు పోలికను, మధ్యాహ్నం వాహనం వేడెక్కిన తరువాత చేసే కొలతతో జతపరచాలి. మధ్యాహ్నపు కొలతకు థర్మామీటరు కొనను సెన్సారుకు ఆనుకొని ఉంచడం ముఖ్యం. బయటి గాలితో పోల్చితే పొరపాటు నిర్ధారణకు దారితీస్తుంది.

కోడ్‌ల అర్థం

స్కానరు చూపే కోడ్‌లు లోపం ఎక్కడున్నదో దిక్కు చూపుతాయి, సెన్సారు మార్చమని ఆజ్ఞాపించవు. పి0112 అంటే సిగ్నల్ వోల్టేజి మరీ తక్కువ, అనగా షార్ట్. పి0113 అంటే వోల్టేజి మరీ ఎక్కువ, అనగా తెంపు. పి0111 అంటే అంకె సాధ్యమైనదే అయినా ఇతర సెన్సార్లతో పొసగడం లేదని. పి0114 అంటే సంబంధం వచ్చిపోతూ ఉన్నదని. రెండవ సెన్సారు ఉన్న టర్బో వాహనాలలో పి0096, పి0097, పి0098 కోడ్‌లు వరుసగా పొసగనితనం, తక్కువ వోల్టేజి, ఎక్కువ వోల్టేజి అనే అర్థాలతో దానికి వర్తిస్తాయి. పి0114 పడినపుడు ఇంజను నడుస్తుండగా తీగల కట్టను కొద్దికొద్దిగా కదుపుతూ స్కానరును గమనిస్తే, అంకె దూకిన చోటే లోపం దొరుకుతుంది.

మరమ్మతులో జాగ్రత్తలు

మసి పట్టిన సెన్సారును ఎలక్ట్రానిక్ భాగాల కోసం తయారైన క్లీనరుతో తడిపి, దానంతట అది ఆరనివ్వాలి. పిన్నుతో, బ్రష్షుతో గీకితే పూస విరుగుతుంది. పెట్రోలు, డీజిల్‌లతో కడగరాదు. తుప్పు పట్టిన ప్లగ్గును ఉప్పు కాగితంతో గీకి వదిలితే కొద్ది నెలలకే మళ్లీ తుప్పు పడుతుంది. పిన్నులతో సహా ప్లగ్గు మార్చడం మేలు. తెగిన తీగను మెలిపెట్టి టేపు చుట్టడం వలన కొత్త నిరోధం చేరుతుంది. సోల్డరు చేసి, వేడికి కుంచించుకొనే గొట్టం తొడగాలి.

కొత్త సెన్సారు కొనేటపుడు పార్ట్ నంబరు సరిచూడాలి. ఆకారం ఒకటే అయినా 20 డిగ్రీల వద్ద ఒకదాని విలువ 2,500 ఓమ్‌లు, వేరొకదానిది 3,500 ఓమ్‌లు ఉండవచ్చు. ప్లగ్గు సరిగ్గా కూర్చొంటుంది, అంకె మాత్రం ఎప్పటికీ తప్పుగానే ఉంటుంది. బిగించిన తరువాత రబ్బరు రింగు చుట్టూ గాలి లీకు లేకుండా చూసుకోవాలి. కోడ్ చెరిపి, బరువుతో ఒకసారి నడిపి, మరునాడు ఉదయం చల్లని ఇంజనుపై పోలిక మళ్లీ చేసినప్పుడే మరమ్మతు పూర్తయినట్లు.

బలం పెంచుతాయన్న ప్రచారంతో ఈ సెన్సారు ప్లగ్గులో తగిలించే చిన్న చిప్‌లు అమ్ముడవుతున్నాయి. వాటిలో చాలావరకు ఉండేది ఒక సాధారణ నిరోధమే. వేడి గాలిని చల్లనిదిగా చూపి ఇ.సి.యు.ను మోసగించడమే అది చేసే పని. పైన లెక్కించిన తుప్పు చేసే హానినే రైతు డబ్బిచ్చి కొనుక్కొన్నట్లవుతుంది.

సీజనుకు ముందు చేయవలసినవి

పసుపు తవ్వకాలు మొదలుకాక ముందే, డిసెంబరు చివరలో వాహనానికి ఒక ఉదయం కేటాయించడం లాభదాయకం. ఎయిర్ ఫిల్టరు, ఇంటర్‌కూలర్ రెక్కలు శుభ్రపరచాలి. ఎలుకల జాడ చూడాలి. స్కానరుతో చల్లని ఇంజను అంకెలు చదివి, తేదీతో ఒక పుస్తకంలో రాసి ఉంచాలి. సీజను మధ్యలో అనుమానం వచ్చినపుడు ఆ పాత అంకెలే అత్యుత్తమ ప్రమాణం. పాలిష్ డ్రమ్ము నడిచే చోటికి గాలివాలులో వాహనాన్ని స్టార్ట్ చేసి ఉంచరాదు. వాహనం కడిగేటపుడు బానెట్ లోపల అధిక పీడన నీరు వాడరాదు.

నల్లని పొగ, బలహీనత, డీజిల్ ఖర్చు అనే మూడు లక్షణాలకు కారణాలు అనేకం. వాటిలో ఇంజెక్టరును, టర్బోను పరీక్షించాలంటే వాహనం రోజులకొద్దీ షెడ్డులో ఉండాలి. గాలి ఉష్ణోగ్రత సెన్సారును పరీక్షించడానికి ఒక ఉదయం, ఒక మధ్యాహ్నం చాలు. అందుచేత ఖరీదైన భాగాలు విప్పే ముందు ఈ పరీక్ష చేయమని రైతులు, వాహన యజమానులు మెకానిక్‌ను కోరాలి. ప్లగ్గు తీసినపుడు, బదులు నిరోధం తగిలించినపుడు స్కానరు చూపిన అంకెలను తామూ చూసి, ఆ తరువాతనే భాగం కొనుగోలుకు అంగీకరించాలి.